మంచానికి దస్తీ

ఆ ఉదయం సూపరింటెండెంట్ సంతోష్‌రావు ప్రణాళిక సులువైనది: టిఫిన్ వేళకు మంచాలు నిండాలి, భోజనం వేళకు తనిఖీ ముగియాలి. కరీంనగర్‌కు బస్సులో గంట ప్రయాణమంత దూరంలో ఉన్న ఆ సర్కారు బోధనాసుపత్రికి విశ్వవిద్యాలయ గుర్తింపు నిలవాలంటే, మంచాల మీద మనుషులు కనబడాలి. వారు రోగులే కావాలన్న పట్టింపు ఆయనకు ఎన్నడూ లేదు.

"కైలాసం, అసలు రోగులను లోపలికి రానియ్యకు. మూలుగుతరు, మందుల్లేవంటరు, ఇజ్జత్ తీస్తరు. గట్టిగున్నోళ్లను పండబెట్టు. అయినంక తలా ఒక బిర్యానీ పొట్లం," అని వార్డు పనులు చూసే కైలాసానికి ఆజ్ఞాపించాడు.

సరిగ్గా అప్పుడే సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద గుడ్డ నేసే సిద్దిరాములు, భార్య శంకరవ్వను నడిపించుకుని వచ్చాడు. ఆమె పిత్తాశయం నిండా రాళ్లు. తింటే నొప్పి, తినకుంటే నీరసం. ప్రైవేటుకు పోయే తాహతు లేక, ఆపరేషన్ కోసం నెలలుగా ఇక్కడికే తిరుగుతున్నారు.

"అక్కా, మంచాల్లేవు. సోమారం రా," అన్నాడు కైలాసం. ఆపై సిద్దిరాములును ఎగాదిగా చూశాడు. "నువ్వు గట్టిగనే ఉన్నవ్ గదనే. రా, పండు."

"నాకేం రోగం లేదన్నా!"

"అందుకే రమ్మంటున్న. తనిఖీవోళ్లు వోయేదాక."

సిద్దిరాములు ఆలోచించాడు. బస్సు ఆగకముందే కిటికీలోంచి జేబురుమాలు, అదే దస్తీ, వేసి సీటు ఆపుకోవడం అతనికి తెలిసిన విద్య. ఇక్కడ దస్తీ తానే కావాలి, అంతే తేడా.

"ఏమే, జర ఓపిక వట్టు. నేను సీటు ఆపుత. వాళ్లు వోంగనే నువ్వెక్కు."

"ఆపు ఆపు. సూది గుచ్చితే మాత్రం నన్ను పిలువకు," అంటూ శంకరవ్వ కడుపు పట్టుకుని మంచం కింద కూలబడింది. పైన ఆరోగ్యానికి సెలైన్ ఎక్కుతోంది. కింద రోగం నేల మీద కూర్చుంది. వైద్యశాల సిద్ధమైంది.

తనిఖీకి వచ్చిన ప్రొఫెసర్ నిర్మలాదేవి, వెంట సంతోష్‌రావుతో, విద్యార్థులతో, ఆ మంచం దగ్గరే ఆగింది. "ఏం బాధ నాయనా?"

నెలలుగా ఆసుపత్రిలో ప్రతి చీటీల కిటికీ ముందూ భార్య బాధను అప్పజెప్పిన నోరు అది, ఆగలేదు. "కుడిదిక్కు డొక్కల నొప్పి మేడం. పిత్తసంచిల రాళ్లున్నయి."

ఆమె పొట్ట నొక్కింది. సిద్దిరాములుకు చక్కిలిగిలి పుట్టి కిసుక్కున నవ్వాడు. వెంటనే స్కానింగ్ యంత్రం తెప్పించి చూసింది. ఒక్క రాయీ లేదు.

"రాళ్లేవి డాక్టర్ గారూ?"

సంతోష్‌రావు చెమట తుడుచుకున్నాడు. "నిన్నటిదాక ఉండె మేడం. మా వైద్యంతోని కరిగినయి."

"ఆపరేషన్ లేకుండానా? ఏ మందుతో?"

ఆయన చూపు సెలైన్ సీసా మీద పడింది. "గదే మేడం. అండ్ల జర... మా సొంత పద్ధతి."

విద్యార్థులు భక్తిశ్రద్ధలతో రాసుకున్నారు. అనుమానించడం వారి పాఠ్యప్రణాళికలో లేదు.

అప్పుడు మంచం కింద నుంచి ఒక తల లేచింది. "సారూ, గా మందు నాకు గూడ వెట్టు! నాయి ఇంక కరుగలే!"

సిద్దిరాములు చటుక్కున దిగాడు. దస్తీ తీసిన సీటులో శంకరవ్వ పడుకుంది. యంత్రం తెర మీద రాళ్లు గుట్టగా కనిపించాయి.

నిర్మలాదేవి నవ్వలేదు. "మంచిది. ఈమెకూ అదే వైద్యం చేయండి. రేపు పొద్దున చూసి, ఆపైనే గుర్తింపు సంగతి రాస్తాను."

సంతోష్‌రావుకు భోజనం లేదు. నెలలుగా చెడిపోయి ఉందన్న ఆపరేషన్ యంత్రం మధ్యాహ్నానికే బాగైంది. సెలవులో ఉన్నాడన్న మత్తు డాక్టరు క్యాంటీన్‌లో దొరికాడు. సర్జనే అయినా ఏళ్లుగా కలం తప్ప కత్తి పట్టని సంతోష్‌రావు, స్వయంగా చేతులు కడుక్కుని, చిన్నచిన్న రంధ్రాలు పెట్టి, సాయంత్రానికల్లా రాళ్లను సంచితో సహా బయటికి తీశాడు.

మర్నాడు నిర్మలాదేవి తెర వైపు చాలాసేపు చూసింది. "రాళ్లు లేవు, సరే. పిత్తాశయం కూడా లేదే!"

"మందు జర ఎక్కువైంది మేడం."

"పొట్ట మీద ఈ ప్లాస్టర్లు?"

"దోమలు మేడం."

"మంచి దోమలు సారూ," అంది శంకరవ్వ దిండు మీద నుంచి, "మత్తు సూది ఇచ్చినంకనే కుట్టినయి."

గుర్తింపు రద్దయితే విశ్వవిద్యాలయానికీ పరువు తక్కువే గనుక, గుర్తింపు నిలిచింది. దాని కింద నిర్మలాదేవి ఒక్క సూచన రాసింది: మందు మోతాదు తగ్గించవలెను, దోమలను మాత్రం నివారించవద్దు.