ముక్కు మీద మూడు గుర్తులు

తమ యుద్ధ జెట్ చరిత్ర ఈ వేసవి విమాన ప్రదర్శనలో సంపూర్ణం కానున్నదని స్కార్‌బీ జెట్ పరిరక్షణ సంఘం ప్రకటించింది. ఆ చరిత్రలో ఇంతకాలం లేనిది ఒక్కటే, దాన్ని నడిపిన మనిషి. ఆయన బతికే ఉన్నాడని, పక్క ఊళ్లో క్యాబేజీ పండిస్తున్నాడని ఈమధ్యే తెలిసింది. పేరు కత్‌బర్ట్ రాస్‌డేల్. వయసు తొంభై దాటింది.

పందొమ్మిది వందల యాభైలలో ఆ జెట్ ఇంగ్లండు తూర్పు తీరాన కాపలా తిరిగింది. తర్వాత ఒక రైతు దొడ్లో కోళ్లగూడుగా పనిచేసింది. సంఘం దాన్ని కొని, బాగుచేసి, మళ్లీ ఎగరేసింది. పాత రంగు గీకుతుంటే ముక్కు పక్కన మూడు గుర్తులు బయటపడ్డాయి. ఒక్కోదానికి రెండు రెక్కలు, ఒక తోక. కూల్చిన ప్రతి శత్రువిమానానికీ ఒక బొమ్మ వేసుకోవడం వైమానిక దళంలో ఆనవాయితీ. అప్పట్లో ఈ తీరాన యుద్ధమే జరగలేదు కదా అని ఒక సభ్యుడు అడిగాడు. అయితే అది రహస్య యుద్ధమని అధ్యక్షురాలు హెస్టర్ పౌంట్నీ తేల్చింది. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

రాస్‌డేల్ ఈ చరిత్రను ఏటా ప్రదర్శన కంచె బయట నిలబడి విన్నాడు. పోయేలోగా ఒక్కరి చేతనైనా నిజం నమ్మించాలన్నది ఆయన కోరిక. పిలుపు రాగానే ఒప్పుకున్నాడు.

"వింగ్ కమాండర్ గారూ, ఆ మూడింటినీ ఎలా కూల్చారో చెప్పండి" అంటూ ప్రదర్శన రోజు హెస్టర్ ఆయనకు మైకు అందించింది. ఆయన ఆ హోదాకు రెండు మెట్లు కిందనే ఉద్యోగం మానేశాడు.

"అవి బాతులమ్మా. అడవి బాతులు. గుంపులోకి దూరాను. మూడు చచ్చాయి, ఇంజనూ చచ్చింది. ఆలుగడ్డల చేలో దిగాను. నన్ను ఏడిపించడానికి మా మెకానిక్కులు ఆ బొమ్మలేశారు."

జనం లేచి చప్పట్లు కొట్టారు. హెస్టర్ కళ్లొత్తుకుంది.

"చూశారా, ఆ తరం వాళ్లంతే. చేసింది చెప్పుకోరు."

ఆయన మళ్లీ బాతులే అన్నాడు. చప్పట్లు పెరిగాయి. ఒకదాన్ని మెస్సులో వండుకు తిన్నామని కూడా చెప్పాడు. పాపం, రహస్యం కాపాడతానన్న ప్రమాణం ఆయన్నింకా వదల్లేదని ముందు వరుసలో ఒకాయన తన భార్యకు వివరించాడు. తర్వాత జెట్ తలల మీదుగా దూసుకుపోయింది. నేలకూలిన ముగ్గురు శత్రు పైలట్ల స్మృతికి అందరూ మౌనం పాటించారు. రాస్‌డేల్ కూడా టోపీ తీశాడు. బాతులకు ఆ మాత్రం మర్యాద దక్కాల్సిందే అనుకున్నాడు.

టీ డేరాలో ఒకతను వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"మీ మాట నేను నమ్మాను సార్."

రాస్‌డేల్ కప్పు కింద పెట్టి అతని చెయ్యి పట్టుకున్నాడు. ఇంక వదల్లేదు.

అతను పక్షి సంరక్షణ సంఘం కార్యదర్శి. వచ్చే ఆదివారం రాస్‌డేల్ ఇంటి ముందు నిరసన జరుపుతామని, ముప్ఫై మంది దాకా వస్తారని మర్యాదగా తెలియజేశాడు.

"వాళ్లందరూ నమ్ముతారా బాబూ?"

"నమ్మకపోతే తిట్టడానికి ఎందుకొస్తాం సార్?"

రాస్‌డేల్ ఇంటికెళ్తూ దారిలో బేకరీ దగ్గర ఆగి, ముప్ఫై మందికి సరిపడా కేకు చెప్పాడు.