కుట్టుమిషను పక్క స్తంభం

ఆ ఉదయం తమ్ముడు వేసుకున్న పథకం చాలా చిన్నది. సర్వేయరు వస్తాడు, టైలరింగు షాపు లోపలంతా ఫొటోలు తీస్తాడు, టీ తాగి వెళ్ళిపోతాడు. ఫొటోగ్రామెట్రీ అంటారట దాన్ని. వందల ఫొటోలు తీసి కంప్యూటరుకి అప్పగిస్తే, అదే కొలతలు తేల్చుకుని షాపుని ఉన్నదున్నట్టు తెర మీద నిలబెడుతుంది. దాన్ని చూసి ఇంజనీరు ప్లాను గీస్తాడు, అడ్డుగోడ కొట్టేస్తారు, వెనక మూలలో ట్రయల్ రూము కడతారు. ఇందులో కష్టమైన పని ఒక్కటే. ఆ మూలలో వదిన కుట్టుమిషను ఉంది, మిషను పక్కన స్టూలు మీద అన్నయ్య ఉన్నాడు. మూల ఖాళీ చెయ్యమని అన్నయ్యకి చెప్పాలి. అది తమ్ముడి వల్ల కావడం లేదు.

వదిన పోయిన దగ్గర్నుంచీ అన్నయ్య షాపు తెరిచేటప్పుడు వచ్చి ఆ స్టూలు మీద కూర్చుంటాడు, మూసేటప్పుడు లేస్తాడు. కత్తెర పట్టడు. పలకరిస్తే "ఊఁ" అంటాడు. వదిన చివరగా కుట్టిన గౌన్లు తెల్ల కవర్లలో, సరిగ్గా అతని నెత్తి మీద, సీలింగు కొక్కేనికి గుత్తిగా వేలాడుతున్నాయి. ఎవరైనా వచ్చి అడిగితే మాత్రం "ఇంకా గుండీలు కుట్టాలి" అంటాడు. అతను పూర్తిగా మాట్లాడే మాట అదొక్కటే.

తమ్ముడు దీనికి సరిగ్గా వ్యతిరేకం. మనిషి బొద్దుగా ఉన్నా కాలు ఒకచోట నిలవదు. తల్లి లేని తనని పెంచింది వదినే, చేతికి కత్తెర ఇచ్చిందీ వదినే. ఆవిడ పోయిన రోజున వచ్చినవాళ్ళకి కుర్చీలు వెయ్యడంతోనే సరిపోయింది తమ్ముడికి, ఏడవడానికి తీరిక దొరకలేదు. ఆ తర్వాత షాపు మీద పడింది. ఆ ఏడుపు అలా బాకీ ఉండిపోయింది పాపం.

సర్వేయరు వచ్చి గోడల నిండా నలుపూ తెలుపూ గళ్ళ కాగితాలు అంటించాడు.

"సామాను ఏదీ కదపొద్దండీ," అన్నాడు.

"మరి మనుషులు?" అని అడిగింది తమ్ముడి భార్య.

"మీరు హాయిగా తిరగొచ్చు. ఒక్కో చోటుని అన్ని వైపుల నుంచీ తీస్తాను కదా, అన్ని ఫొటోల్లోనూ ఉన్నదే ఉన్నట్టు లెక్క. కదిలేవాళ్ళు బొమ్మలో పడరు."

తమ్ముడు గొంతు తగ్గించాడు. "మా అన్నయ్యని లేవమనాలా?"

"ఎందుకండీ పెద్దాయన్ని ఇబ్బంది పెట్టడం? మనిషన్నాక కాసేపటికైనా కదలడా!"

కదల్లేదు.

ఆ మూలలో అసలే వెలుతురు తక్కువ. కింద తెల్ల శాలువా కప్పుకున్న మనిషి, పైన తెల్ల కవర్ల గుత్తి. కంప్యూటరు తనకి తోచినట్టు రెండింటినీ కలిపేసింది. ఇంజనీరు ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, నేల నుంచి సీలింగు దాకా సున్నం పెచ్చులూడిన పాత స్తంభమని తీర్మానించి, ప్లానులో గుండ్రంగా గీసేశాడు. ఇంజనీరు అది చూసి గతుక్కుమన్నాడు. పై అంతస్తులో స్తంభం లేదు. కిందది ఒక పక్కకి ఒరిగి ఉంది. వెంటనే తమ్ముడికి ఫోన్ చేశాడు.

"మీ వెనక మూల పరిస్థితి ఏమీ బాగాలేదండీ."

"నాకు తెలుసండీ," అన్నాడు తమ్ముడు. "అందుకే ఇన్నాళ్ళూ దాని జోలికి పోలేదు."

"పోకపోవడమే మంచిదైంది. తొందరపడి కదిపితే మొత్తం కూలిపోతుంది. ముందు ఆసరా ఇవ్వాలి."

ఇదంతా అన్నయ్య గురించే అనుకున్నాడు తమ్ముడు. బంధువులు కూడా ఇంత బాగా అర్థం చేసుకోలేదు. "మీరు ఎలా చెబితే అలా చేద్దామండీ," అన్నాడు.

ఇంజనీరు అన్నంత పనీ చేశాడు. మర్నాడు పొద్దున్నే పైవాటాలో ఉండే వయొలిన్ మాస్టారికి ఫోన్ చేసి, కింద స్తంభం ప్రమాదంలో ఉంది, కాసేపు బయటికి వెళ్ళండి అన్నాడు. మాస్టారు వయొలిన్ చంకన పెట్టుకుని, ఒక చెప్పు మెట్ల మీదే వదిలేసి, వీధిలోకి పరిగెత్తాడు. "కూలిపోతోంది! కూలిపోతోంది!" అని ఆయన పెట్టిన కేకలు ఏ కచేరీలోనూ అంత దూరం వినపడి ఉండవు. ఇంకేముంది! కూలేలోపు తమ బట్టలు తాము తెచ్చుకుందామని వీధి వీధంతా ఆ కూలిపోయే షాపులోకే జొరబడింది. తమ్ముడి భార్య ఎవరి పొట్లం ఎవరికిస్తోందో ఆవిడకే తెలియదు. బ్యాంకు మేనేజరు ఎవరిదో పిల్లాడి నిక్కరు పట్టుకుని బయటపడ్డాడు.

ఈ గొడవలోనే ఇనప జాకీలతో వ్యాను దిగింది. పైకప్పుకి ఊతంగా నిలబెట్టే జాకీలు. మేస్త్రీ ప్లాను చేత్తో పట్టుకుని గోడ నుంచి టేపు లాక్కుంటూ వచ్చాడు. టేపు కొస అన్నయ్య మోకాలికి తగిలింది. మళ్ళీ వెనక్కి వెళ్ళి ఇంకో గోడ నుంచి కొలుచుకుంటూ వచ్చాడు. మళ్ళీ మోకాలే. అప్పటికి ఇంజనీరూ, సర్వేయరూ లోపలికి వచ్చారు.

"సార్, స్తంభం ఉండాల్సిన చోట పెద్దాయన ఉన్నాడు!"

"ఆయన వెనకాల ఉంటుంది చూడవయ్యా."

అన్నయ్య మెల్లగా లేచి పక్కకి జరిగాడు. వెనకాల గోడ తప్ప ఏమీ లేదు. సర్వేయరు ముందు స్టూలు వంక చూశాడు, తర్వాత పైన గౌన్ల వంక చూశాడు. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"క్షమించండి సార్," అన్నాడు. "ఆ రోజు అందరూ తిరుగుతూనే ఉన్నారు. వీరొక్కరే కదల్లేదు. స్తంభం కింద లెక్కలో పడిపోయారు."

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత షాపంతా ఘొల్లుమంది. తమ్ముడు ఒక్కడే నవ్వలేదు. ఇన్నాళ్ళూ స్తంభం చుట్టూ ఊడ్చినట్టు ఆ స్టూలు చుట్టూ ఊడ్పించింది తనే, టీ గ్లాసు దాని పక్కన పెట్టి వెళ్ళిపోయిందీ తనే.

"నన్నా స్తంభం అనుకున్నది?" అన్నాడు అన్నయ్య. "అయ్యో, మీ వదిన ఉంటే ఎంత నవ్వేదిరా! వీధంతా చెప్పుకునేది." అని తనూ నవ్వాడు. నవ్వు సగంలో ఉండగానే ఏడుపు తన్నుకొచ్చింది. అంతమంది ముందూ శాలువా మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

తేరుకున్నాక ప్లాను అడిగి తీసుకున్నాడు. "స్తంభం లేకపోతే ఇక్కడేం వస్తుంది?"

ఇంజనీరు నసిగాడు. "ట్రయల్ రూము అనుకున్నామండీ."

"నాకు చెప్పొచ్చు కదరా," అన్నాడు అన్నయ్య తమ్ముడితో.

"నోరు రాలేదు అన్నయ్యా."

"కట్టించు. అద్దం మాత్రం నిలువెత్తుది పెట్టించు. ఆవిడ ఎప్పుడూ అడుగుతూ ఉండేది, నేనే వాయిదా వేశాను. మిషనుని వీధి వైపు కిటికీ దగ్గరికి మార్చండి. ఇక నుంచి నేను కూర్చుంటాను దాని మీద."

బట్టల కోసం వచ్చిన గుంపులో ఒక తల్లి ముందుకొచ్చింది. "బాబాయిగారూ, మా పాప గౌను పైనే ఉంది. పిల్ల ఎదిగిపోయింది, ఇక పట్టదు. అయినా ఇవ్వండి, పిన్నిగారు కుట్టింది కదా, దాచుకుంటాను."

అన్నయ్య కొక్కెం నుంచి గౌన్లన్నీ దింపాడు. గుండీలు అన్నింటికీ ఎప్పుడో కుట్టి ఉన్నాయి. పాప గౌను తిరగేసి అంచు చూపించాడు. "లోపలికి ఎంత గుడ్డ మడిచిందో చూడమ్మా. పిల్లలు ఎదుగుతారని ఆవిడకి తెలుసు. ఇది విప్పితే సరిపోతుంది." మిగతావి భుజాన వేసుకుని, ఇళ్ళకి తనే ఇచ్చి వస్తానని బయల్దేరాడు. గుమ్మం దగ్గర ఒకసారి ఆగాడు గానీ వెనక్కి చూడలేదు.

మర్నాడు మళ్ళీ సర్వే. అన్నయ్య మిగిలిన గౌన్లు ఇవ్వడానికి వెళ్ళాడు. మిషను కిటికీ దగ్గరికి చేరింది. మూలలో స్టూలు ఒక్కటే మిగిలింది. తమ్ముడు దాన్ని తీసేద్దామని వెళ్ళాడు. వంగి పట్టుకున్నాడు. మిషను కాళ్ళు ఉన్న చోట నేల మీద నాలుగు మచ్చలు, వాటి మధ్య వదిన పాదం ఆనీ ఆనీ నునుపు తేలిన చోటు ఒకటి. ఎందుకో ఒక్క నిమిషం కూర్చుందామనిపించింది. కూర్చున్నాడు. అమ్మలాంటి మనిషి ఇక లేదని అప్పుడే మొదటిసారి తెలిసినట్టయింది అతనికి. మోకాళ్ళలో తల పెట్టుకుని అలాగే ఉండిపోయాడు.

భార్య దగ్గరికి రాబోయి, ఆగి, వెళ్ళిపోయింది. సర్వేయరు కెమెరా పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. లేవమనడానికి అతనికీ నోరు రాలేదు. చప్పుడు చెయ్యకుండా చుట్టూ తిరిగి ఫొటోలు తీసుకుని, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

సాయంత్రం డ్రాఫ్ట్స్‌మన్ ఇంజనీరుకి ఫోన్ చేశాడు. "సార్, స్తంభం అక్కడే ఉంది. కాకపోతే ఈసారి పొట్టిగా, కాస్త లావుగా వచ్చింది."