సూర్యుడికి వారసత్వ ఉద్యోగం

రామునిగుట్ట ఆరో నంబర్ బావిలోని బొగ్గును మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేసి, దాని ఉద్యోగాన్ని వారసుడి హోదాలో సూర్యుడికి ఇచ్చింది. ఆ ఉత్తర్వు నోటీసు బోర్డుకెక్కిన పొద్దున, బొగ్గు నింపిన టబ్బులను తాడుతో పైకి లాగే హాలేజీ ఆపరేటర్ ఓదెలు దాన్ని రెండుసార్లు చదివాడు. ముందు దగ్గొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చినంత పనైంది. బొగ్గుకు అన్‌ఫిట్ వచ్చిందని కాదు, తనకు రాలేదని.

బొగ్గుబావుల ఊళ్లలో ఈ సంగతి ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు గానీ, మిగతా లోకం కోసం చెప్పాలి. పని చేయలేనంతగా ఒళ్లు చెడిన కార్మికుణ్ణి డాక్టర్ల బోర్డు అన్‌ఫిట్ అని తేలిస్తే, అతని ఉద్యోగం కొడుక్కో కూతురికో వస్తుంది. కాకపోతే సర్వీసు ఇంకా రెండేళ్లు మిగిలి ఉండగానే చెడాలి. ఆ తర్వాత చెడితే ఎవరి ఖర్మ వారిది. అందుకే అక్కడ అన్‌ఫిట్ అయినవాడి ఇంట్లో మిఠాయి పంచుతారు, ఫిట్ అయినవాడి ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగదు. ఓదెలు ఇప్పటికి మూడుసార్లు బోర్డుకు వెళ్లి మూడుసార్లూ ఫిట్ అయ్యాడు. మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే దగ్గు, ఉమ్మితే నలుపు. డాక్టర్లు ఎక్స్‌రేను వెలుతురులో పెట్టి చూసి, ఛాతీలో ఉన్నది కంపెనీ సరుకే గనుక అది జబ్బు కిందికి రాదని రాశారు. కూతురు స్రవంతి ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చేసి ఇంట్లో ఖాళీగా కూర్చుంది. అన్‌ఫిట్ కావడానికి ఓదెలుకు ఉన్న గడువు వచ్చే నెలతో సరి.

బొగ్గు మాత్రం మొదటిసారికే గట్టెక్కింది. దేశం కొత్త ఇంధన విధానం ప్రకటించింది. దాని ప్రకారం బొగ్గు పొగ వదులుతుంది కాబట్టి దేశసేవకు పనికిరాదు. అదే దేశం ఆ ముందు వారమే బొగ్గు ఉత్పత్తి టార్గెట్ పెంచింది. రెండు కాగితాల మీదా ఉన్నది ఒకే సంతకం, అంచేత రెండూ అమలు కావలసిందే. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, సూర్యుడు డ్యూటీలో చేరకముందే ఆయన తయారుచేయబోయే కరెంటు లెక్కల్లోకెక్కింది.

వారసత్వం దగ్గర కాస్త చిక్కొచ్చింది. ఎండ తాగి పెరిగిన అడవులే భూమిలో కూరుకుపోయి బొగ్గయ్యాయి. ఆ లెక్కన సూర్యుడు బొగ్గుకు తండ్రి వరస. తండ్రి ఉద్యోగం కొడుక్కొస్తుంది గానీ కొడుకుది తండ్రికి రాదు. పైగా వారసుడికి వయోపరిమితి ఉంది. దీన్ని తేల్చడానికి హైదరాబాదు నుంచి కమిటీ వచ్చి, గెస్ట్‌హౌస్‌లో నాటుకోడి పులుసు బాగుందని ఇంకో రెండు రోజులు ఉండి, ఆఖరికి తేల్చింది. సూర్యుడు రోజూ పొద్దున్నే పుడతాడన్నది లోకమంతా ఒప్పుకున్నదే. కాబట్టి ఆయన వయసు ఒక పూటకు మించదు, కొడుకు కావడానికి ఏ అడ్డూ లేదు. మరి మైనరుకు ఉద్యోగం ఎట్లా ఇస్తారని అడిగిన గుమాస్తాను వేరే ఏరియాకు బదిలీ చేశారు.

బొగ్గుకు వీడ్కోలు సభ బావి లోపలే జరిగింది. బొగ్గు పొర ముందు కుర్చీలు వేసి, శాలువా కప్పి, గోడ గడియారం బహూకరించారు. జనరల్ మేనేజర్ మాట్లాడుతూ బొగ్గు తన సర్వీసులో ఒక్కసారైనా ఎదురు చెప్పలేదని కొనియాడారు. ఓదెలు వెనక వరసలో నిలబడి చప్పట్లు కొట్టాడు. సభ ముగియగానే క్వార్టర్ ఖాళీ చేయమని బొగ్గుకు నోటీసిచ్చారు. అది కదల్లేదు. కరెంటు కట్ చేస్తామని హెచ్చరించినా కదల్లేదు.

టార్గెట్ మిగిలే ఉంది గనుక బావి ఆగలేదు. ఓదెలు ఎప్పటిలాగే తాడు తిప్పి టబ్బులు పైకి లాగాడు. అవి ఖాళీవి. కాటా దగ్గర వాటిని నిండువిగా రాసుకున్నారు. ఖాళీ టబ్బు లాగినా ఆయాసం అంతే వచ్చింది, ఆ విషయం రాసుకునేవాళ్లు లేరు.

సూర్యుడు మొదట్లో బాగానే పనిచేశాడు. పొద్దున షిఫ్టుకు టైముకు వచ్చేవాడు, మబ్బు పట్టిన రోజులు సిక్ లీవు కింద సర్దేవారు. తర్వాత రూలు ప్రకారం షిఫ్టు మార్చి నైట్ డ్యూటీ వేశారు. రాలేదు. మర్నాడూ రాలేదు. సంజాయిషీ కోరుతూ మెమో తయారుచేసి ఆఫీసు డాబా మీద ఎండలో పెట్టారు. సాయంత్రానికి కాగితం మీది అక్షరాలు వెలిసిపోయాయి. దాన్ని ధిక్కారంగా నమోదు చేశారు.

రాత్రిళ్లు రాజధానిలో ఏసీలు ఆగిపోయేసరికి విషయం ముదిరింది. బొగ్గునే మళ్లీ పిలుద్దామంటే అన్‌ఫిట్ అయినవారిని తిరిగి పనిలోకి తీసుకోకూడదని రూలు. సూర్యుణ్ణి తీసేద్దామంటే ఆయన ఫొటో అప్పటికే దేశమంతటా పోస్టర్ల మీద ఉంది. చివరికి నైట్ షిఫ్టులో సూర్యుడి స్థానంలో బదిలీ వర్కరుగా మనిషిని వేసుకోవచ్చని, సీనియర్ కార్మికుల పిల్లలకు ముందు అవకాశమని ఉత్తర్వు వచ్చింది.

యూనియన్ ఆఫీసులో ఈ మాట చెవిన పడగానే ఓదెలు సైకిలెక్కి ఇంటికి ఉరికాడు. భార్య సమ్మక్క, ఆ పని ఏమిటో కనుక్కోవా అని అడిగింది. ముందు పేరు రాయించుకోవాలని, కనుక్కుంటూ కూర్చుంటే ఎవడో తన్నుకుపోతాడని కసిరాడు. స్రవంతి సర్టిఫికెట్ల సంచీ పట్టుకుని తండ్రి వెంట నడిచింది.

వెల్ఫేర్ ఆఫీసర్ వామన్‌రావు మంచివాడనే పేరున్న మనిషి. ఇద్దరినీ కూర్చోమన్నాడు, టీ తెప్పించాడు, స్రవంతి మార్కులు చూసి మెచ్చుకున్నాడు. ఆ తర్వాత కళ్లజోడు సర్దుకుని విషయంలోకి వచ్చాడు.

"పోస్టు ఇప్పుడు సూర్యుడిదే అయినా మొదట బొగ్గుది కదమ్మా. డ్యూటీలు ఇంకా మార్చలేదు, బొగ్గువే ఉన్నాయి. టబ్బులోకి ఎక్కాలి, బెల్టు మీద పోవాలి, పవర్‌హౌస్‌లో మండాలి."

"నేను ఎలక్ట్రీషియన్‌ను సార్," అంది స్రవంతి.

"మంచిదేనమ్మా. మండేది కరెంటు కోసమే గదా."

ఓదెలుకు ఒక్క క్షణం బిడ్డ చెయ్యి పట్టుకుని బయటికి పరిగెత్తాలనిపించింది. స్రవంతి తండ్రి వంక చూసింది. బిడ్డ వద్దంటుందేమోనని ఒక భయం, వద్దనదేమోనని ఇంకో భయం. కిటికీలోంచి చూస్తే గేటు దాకా లైను ఉంది. కొడుకులతో, కూతుళ్లతో నిలబడ్డ తండ్రులంతా తనకు తెలిసినవాళ్లే. ముందువాడు ఎప్పుడు లేస్తాడా అని తొంగి చూస్తున్నారు. వామన్‌రావు తొందరపెట్టలేదు. ఆలోచించుకోమన్నాడు, కాకపోతే మధ్యాహ్నం లోపు లైను క్లియర్ చేయాలన్నాడు.

స్రవంతి సంచీలోంచి పెన్ను తీసింది.

"నేను గూడ గంతేనాయె బిడ్డా, జిందగంత గా టబ్బుల పొంటనే పోయింది," అన్నాడు ఓదెలు. అది ధైర్యం చెప్పడమే అనుకున్నాడు. ఆఫీసర్ వైపు తిరిగాడు.

"పర్మినెంటేనా సార్?"

"హాజరు మస్టర్లు నిండితే పర్మినెంటే."

"నిండుతయ్ సార్," అన్నాడు ఓదెలు. "మా బిడ్డ నాగాలు పెట్టది."