పాత కారుకు కొత్త కమిటీ

ఇకమీదట ప్రభుత్వంలో కొత్త కారు అన్న మాటే వినబడకూడదని మా మంత్రిగారు సోమవారం ఉదయం పదకొండు గంటలకు ప్రకటించారు. ఆయన ప్రజారోగ్య శాఖ మంత్రి. పొదుపు శాఖ కూడా ఆయన దగ్గరే ఉంది. దానికి వేరే మంత్రిని పెడితే ఖర్చవుతుందని ఆ భారం కూడా తానే మోస్తున్నారు.

"ముందు నేనే మారతాను. నా శాఖ నాకోసం కొనబోయేది సెకండ్ హ్యాండ్ కారు," అన్నారు.

విలేకరులు పెన్నులు పక్కన పెట్టి చప్పట్లు కొట్టారు. వెనక వరసలో కుర్చీలు సర్దుతున్న నేనూ కొట్టాను.

తరువాత తెరమీద కారు ఫొటో వేశారు. ఎర్రటి కారు. నేలకు జానెడు ఎత్తులో ఉంది. తలుపులు రెండు, సీట్లు రెండు, పైకప్పు మడిచి వెనక్కి తోసెయ్యవచ్చు. ఒక విలేకరి లేచి, ఇది స్పోర్ట్స్ కారులా ఉందే అని సందేహం వెలిబుచ్చాడు.

"పాత స్పోర్ట్స్ కారు," అని మంత్రిగారు సరిదిద్దారు. "ఒక కొత్త మామూలు కారునీ దీన్నీ పక్కపక్కన పెట్టండి. రెండింట్లో ఏది పాతదో మీరే రాయండి."

విలేకరి రాసుకున్నాడు. అయినా తాను తొందరపడేది లేదని మంత్రిగారు చెప్పారు. కారు కొనడం ఎవరైనా కొంటారట, కొన్నాక దాన్ని పోషించడానికి ఎంత అవుతుందో ముందే తూచి చూడటం ప్రజాధనం విలువ తెలిసినవాళ్లు చేసే పనట. అందుకని అక్కడికక్కడే ముగ్గురితో ఒక కమిటీ వేశారు. మా కార్యదర్శిగారు అధ్యక్షులు. శాఖ బండ్లు బాగుచేసే మా షెడ్డు మేస్త్రి సాంకేతిక నిపుణుడు. మూడో సభ్యుణ్ణి నేను. శాఖలో ఏ బండి ఎంత తిరిగింది, ఎంత తాగింది, ఎన్నాళ్లనుంచి పడకేసింది అన్నది పదిహేడేళ్లుగా లాగ్‌బుక్కుల్లో ఎక్కిస్తున్నది నేనే. నన్నూ ముందుకు పిలిచి మంత్రిగారి వెనక నిలబెట్టారు. ఆ సాయంత్రం ఇంటికి వెళితే మా ఆవిడ, టీవీలో మంత్రిగారి భుజం వెనక నా మోచెయ్యి కనిపించిందని చెప్పింది. మా అత్తగారికి కూడా ఫోన్ చేసి చెప్పిందట.

మర్నాడు మంగళవారం. ప్రతి మంగళవారం టీకాల నర్సు నా బల్ల దగ్గరికి వస్తుంది. ఊరి చివరి కాలనీల్లో పసిపిల్లలకు టీకాలు వేసేది ఆమే. ఆమెకిచ్చిన తెల్ల వ్యాన్‌లో చిన్న ఫ్రిజ్ ఉంది. ఆ వ్యాన్ క్లచ్ ప్లేటు పోయి ఐదు నెలలుగా మా షెడ్డులో ఉంది. అలాంటి వ్యాన్లు మొత్తం పదకొండు. ఒకదానికి టైర్లు లేవు, ఒకదానికి బ్యాటరీ లేదు, ఇంకొకదానికి ఏం లేదో రాసిన కాగితం లేదు.

వ్యాన్ లేని ఈ ఐదు నెలలూ ఆమె మందుల్ని ఐసుపెట్టెలో పెట్టుకుని, ఆ పెట్టె ఒళ్లో పెట్టుకుని, సిటీ బస్సులో వెళుతోంది. బస్సు వేళకు రాకపోతే ఐసు కరుగుతుంది. కరిగితే మందు పారబొయ్యాలి. అప్పటికి రెండుసార్లు పారబోసింది. పనికి సెలవు పెట్టి చంటిపిల్లలతో వరసలో నిలబడ్డ తల్లుల్ని మళ్లీ వారం రమ్మని చెప్పాల్సి వచ్చిందట. చెప్పేటప్పుడు వాళ్ల ముఖాలు చూడలేక ఐసుపెట్టె మూత తుడుస్తూ నిలబడ్డానంది.

ఆ రోజు మాత్రం ఆమె ముఖం వెలిగిపోతోంది. చేతిలో పేపరు ఉంది. "బండ్ల మెయింటెనెన్స్ చూడ్డానికి కమిటీ వేశారటగా అన్నయ్యా. మీ పేరు కూడా ఉంది. చూడగానే అనుకున్నా, ఇక మన పని అయిపోయినట్టేనని."

నేను ఫైలు వెతుకుతున్నట్టు తల కిందికి దించుకున్నాను.

కమిటీ బుధవారం కూర్చుంది. షెడ్డు మేస్త్రి చేతులు కడుక్కుని వచ్చాడు గానీ గోళ్లలో గ్రీజు అలాగే ఉంది. ఆయన ఒక్కొక్క ఖర్చే చెప్పుకుంటూ పోయాడు, కార్యదర్శిగారు ఒక్కొక్కదాన్నే పరిష్కరించుకుంటూ పోయారు. మా కార్యదర్శిగారి చేతిలో పడితే ఏ సమస్యా ఎక్కువసేపు సమస్యగా ఉండలేదు.

పట్నంలో ఈ బండి లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇస్తే గొప్ప అన్నాడు మేస్త్రి. మంత్రిగారి ఇంటినుంచి ఆఫీసుకు మూడే కిలోమీటర్లు కాబట్టి లీటరు కూడా పట్టదని కార్యదర్శిగారు రాయించారు. టైరు ఖరీదు మేస్త్రి చెప్పగానే అది నాలుగింటికా అని అడిగారు. ఒకదానికే. టైర్లు అరగడానికి కారణం రోడ్డు కనుక ఆ ఖర్చు రోడ్ల శాఖది అన్నారు. బండి అడుగుభాగం నేలకు దగ్గర, స్పీడు బ్రేకర్ ఎక్కిన ప్రతిసారీ కింద గీసుకుంటుంది, ఆ రిపేరు మామూలుగా ఉండదన్నాడు మేస్త్రి. దారిలో స్పీడు బ్రేకర్లు ఎన్ని అని అడిగారు. నేను తొమ్మిదన్నాను. ఆ తొమ్మిదీ సాయంత్రానికి లేవు. వాటిలో రెండు ఆడపిల్లల బడి ముందువి.

సీట్ల దగ్గర కాస్త చిక్కు వచ్చింది. కారుకు సీట్లు రెండే. డ్రైవరు తప్పనిసరి, బాడీగార్డు తప్పనిసరి. ఇద్దరూ కూర్చుంటే మంత్రిగారికి చోటు లేదు. కార్యదర్శిగారు కళ్లు మూసుకుని ఆలోచించి, కారు ముందు వెళుతుంది, మంత్రిగారు వెనక జీపులో వస్తారని తేల్చారు. దీనివల్ల కారుమీద మంత్రిగారి బరువు కూడా తగ్గి పెట్రోలు ఆదా అవుతుందని మినిట్స్‌లో చేర్చారు.

గురువారం కారు చూడటానికి వెళ్లాం. ఒక బ్రోకరు గ్యారేజీలో, గుడ్డ కప్పి ఉంది. గుడ్డ తీస్తే నిజంగానే కళ్లు చెదిరాయి. అమ్మే మనిషి ఎవరని అడిగితే, ఒక పెద్దమనిషి, పబ్లిసిటీ ఇష్టం లేదు అన్నాడు బ్రోకరు. మేస్త్రి బానెట్ ఎత్తి, ఇంజన్ స్టార్ట్ చేయించి, దాని పక్కనే చెవి పెట్టి చాలాసేపు విన్నాడు. డాక్టరు రోగి గుండె విన్నట్టు ఉంది. తరువాత గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"బండి బాగానే ఉందండీ," అన్నాడు. "కానీ బ్రేకులు మార్చే టైమొచ్చింది. గేరుబాక్సు వచ్చే ఏడాది దాకా ఆగదు. ఆ రెండింటికయ్యే డబ్బుతో మన వ్యాన్లు పదకొండూ రోడ్డెక్కుతాయి. ఈ బండి అమ్ముతున్నాయన దీనిమీద మోజు తీరి అమ్మట్లేదు. వచ్చే బిల్లు చూసి వదిలించుకుంటున్నాడు."

కార్యదర్శిగారు మొదటి వాక్యం మాత్రం రాయమన్నారు. బండి బాగానే ఉంది అని రాశాను.

శుక్రవారం నివేదిక రాయడానికి కూర్చున్నాం. ఎలా తిప్పినా ఏడాది ఖర్చు పొదుపు శాఖ పరువు తీసేలా వస్తోంది. ఇక్కడ నేను నా గురించి ఒక మాట ఒప్పుకోవాలి. లాగ్‌బుక్కు తిరగేస్తూ, ఊరికే, నోరు జారి, ఒక్క కారుకు కాకుండా శాఖ బండ్లన్నిటికీ కలిపి సగటు తీస్తే తక్కువే వస్తుందండీ అన్నాను. పదకొండు వ్యాన్లు కదలవు కాబట్టి వాటి ఖర్చు సున్నా.

కార్యదర్శిగారు కుర్చీలోంచి లేచి వచ్చి నా భుజం తట్టారు. పదిహేడేళ్ల సర్వీసులో నా భుజం ఎవరూ తట్టలేదు. సిగ్గుపడాల్సిన చోట నాకు సంతోషం వేసింది. మేస్త్రి నావైపు ఒకసారి చూసి, సంతకం పెట్టి, షెడ్డుకు వెళ్లిపోయాడు.

సగటు ప్రకారం మా శాఖ బండి ఒక్కొక్కదానికి అయ్యే ఖర్చు ఒక మోస్తరు స్కూటరు ఖర్చుకు సమానమని తేలింది. అయితే వ్యాన్లలో ఏ ఒక్కటి రోడ్డెక్కినా ఆ సగటు చెడిపోతుంది. కనుక ఆ పదకొండింటినీ ఎవరూ రిపేరు చెయ్యరాదని మరో ఉత్తర్వు వేశారు. దాన్ని టైపు చేసింది కూడా నేనే.

తరువాతి మంగళవారం ఆ ఉత్తర్వు నర్సు చేతికి ఇచ్చాను. ఆమె నిలబడే రెండుసార్లు చదివింది. ఐసుపెట్టె నా బల్లమీద పెట్టింది. దాని కిందనుంచి నీళ్లు సన్నగా జారి నా లాగ్‌బుక్కు వైపు రావడం మొదలైంది.

"ఈ లెక్క ఎవరు వేశారు అన్నయ్యా?" అని అడిగింది. గొంతులో కోపం లేదు. తెలుసుకుందామని అడిగినట్టు ఉంది.

కమిటీ వేసిందన్నాను.

ఆమె తల ఊపి, చీర కొంగుతో నా బల్ల తుడిచి, పెట్టె ఎత్తుకుని బస్సుకు వెళ్లిపోయింది.

కారు అప్పగించే కార్యక్రమం శనివారం ఉదయం ఆఫీసు ఆవరణలో జరిగింది. ఫొటోగ్రాఫర్లు వచ్చారు. రిపేరు చెయ్యడం మానెయ్యడం ద్వారా ఇంత ఆదా చేసిన శాఖ మరొకటి లేదని కార్యదర్శిగారు ప్రసంగించారు. మంత్రిగారు దండలు వద్దన్నారు, పూల ఖర్చు దండగని. చప్పట్లు మాత్రం వద్దనలేదు. ఫొటో కోసం ఆ ఒక్కరోజు డ్రైవరునూ బాడీగార్డునూ పక్కకు తప్పుకోమని, తానే స్టీరింగ్ ముందు కూర్చున్నారు. అంత కింద ఉన్న సీట్లోకి ఆ వయసులో ఒకే ఊపున దిగడం చూసి అందరం మెచ్చుకున్నాం.

ప్రభుత్వం కారును స్వాధీనం చేసుకున్నట్టు ఆయన సంతకం పెట్టాల్సిన జాబితా నా చేతిలో ఉంది. కారుతోపాటు అందిన ప్రతి వస్తువూ దాంట్లో రాయాలి. కారు ఒకటి, తాళంచెవులు రెండు, జాకీ ఒకటి, కవరు గుడ్డ ఒకటి. కాగితం కిటికీలోంచి అందించాను. మంత్రిగారు కెమెరాలవైపు నవ్వుతూనే, ఇటు తిరక్కుండానే, ఎడమచేత్తో డాష్‌బోర్డు కింది అర తెరిచి, లోపలినుంచి ఒక కళ్లజోడు తీసి పెట్టుకున్నారు. అది ఆయన ముక్కుమీద సరిగ్గా కూర్చుంది. జాబితా మొదటినుంచి చివరిదాకా ఎక్కడా తడబడకుండా బయటికే చదివారు.

నా పక్కన మేస్త్రి ఆ కళ్లజోడు వైపు, తరువాత నావైపు చూశాడు.

"ఒక్క నిమిషం సార్," అని కాగితం వెనక్కి తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో నాకూ సరిగ్గా తెలియదు. జేబులోంచి పెన్ను తీసి అడుగున ఇంకో వరస రాశాను. కళ్లజోడు ఒకటి. మళ్లీ అందించాను.

మంత్రిగారి చూపు ఆ వరస దగ్గర ఆగింది. ఫొటోగ్రాఫర్లు ఇటు సార్, ఇటు సార్ అంటున్నారు. ఆయన మెల్లగా కళ్లజోడు తీశారు, మడిచారు, అరలో యథాస్థానంలో పెట్టి మూసేశారు. తరువాత కాగితాన్ని చెయ్యి చాచినంత దూరం జరిపి, కళ్లు చికిలించుకుని, ఎక్కడ సంతకం పెట్టాలో చూపించమని నన్ను అడిగారు.