దానం మాస్టారి రంగు

గురువారం ఉదయం స్టీఫెన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. రాజోలు బస్టాండు ఎదురుగా ఉన్న తన స్టూడియో తెరవాలి, కంప్యూటరు తెర రంగులు సరిచేసుకోవాలి, దానం మాస్టారి ఫోటో ఉన్న సీడీని పదకొండు గంటల బస్సుకిచ్చి రాజమండ్రి కలర్ ల్యాబుకు పంపాలి. మర్నాటికి పెద్ద ప్రింటు వచ్చేస్తుంది. ఆదివారం నాటికి మాస్టారు పోయి ఏడాది. చర్చిలో జ్ఞాపకార్థ కూడిక. అది 2005. ఫిల్ము కెమెరా అటకెక్కించి, కంప్యూటరు కొనుక్కుని స్టీఫెన్‌కు నాలుగు నెలలే అయింది.

మాస్టారి భార్య కాంతమ్మగారు అప్పటికే ఒక పటాన్ని కాదన్న మనిషి. అంత్యక్రియలనాడు ఎవరో చేయించి తెచ్చిన పటంలో మాస్టారు పాలలో ముంచి తీసినట్టు తెల్లగా ఉన్నారు. ఆవిడ దాన్ని ఏడాదిపాటు గోడవైపు తిప్పి ఉంచారు.

"మా ఆయనది నేరేడుపండు రంగు బాబూ. ముప్పై నాలుగేళ్ళు చూసేను. ఆ రంగు వస్తే గోడకి తగిలిస్తాను, లేదంటే మేకు ఖాళీగా ఉంచుతాను. ఎవరో పరాయి మనిషిని పెట్టుకుని రోజూ పలకరించలేను కదా," అన్నారావిడ.

"ఆయ్. ఆయన రంగు ఆయనకే వస్తుందండి అమ్మగారూ," అని మాట ఇచ్చాడు స్టీఫెన్. మాస్టారి దగ్గర లెక్కలు నేర్చుకున్నవాడు కనుక ఆ మాట తప్పే ధైర్యం అతనికి లేదు.

తెర ముందు కూర్చోగానే ఫోను మోగింది. ల్యాబులో ప్రింట్లు తీసే ధనరాజు.

"స్టీఫెన్ గారూ, నిన్న మీరు పంపిన పెళ్ళి ఫోటోల్లో రంగు తేడా కొట్టిందండి. మీ తెర పచ్చని తక్కువ చూపిస్తోంది. పచ్చ పెంచండి."

"ఎంత పెంచమంటారండి?"

"మీ కంటికి బాగున్నంత."

ధనరాజు చెప్పింది ఆకుపచ్చ. స్టీఫెన్ ఇంట్లో మాత్రం పచ్చ అంటే పసుపే. పచ్చచీర తెమ్మని వాళ్ళమ్మ అంటే పసుపురంగు చీరే తేవాలి. కాబట్టి అతను ఎండ పడకుండా కిటికీలకు నల్లగుడ్డ కట్టి, తలుపు ఓరగా వేసి, తెర మీద పసుపు పెంచసాగాడు.

పక్కన టీకొట్టు త్రిమూర్తులు తల లోపలికి పెట్టాడు. "ఎవరు పోయేరండి?"

"ఎవరూ పోలేదండి. రంగులు చూసుకుంటున్నాను."

"చీకట్లోనా?" అని, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు.

తెర తప్పు చూపిస్తే ఫోటోగ్రాఫరు ఆ తప్పును ఫోటోలో దిద్దుతాడు. తీరా కాగితం మీదికి వచ్చేసరికి ఆ దిద్దుబాటే తప్పై కూర్చుంటుంది. పసుపెక్కిన తెర మీద మాస్టారి ముఖం పసుపుగా కనిపించింది. స్టీఫెన్ ఫోటోలో పసుపు తగ్గించి, దానికి విరుగుడుగా నీలం కలిపాడు. కాంతమ్మగారిని పిలిపించి చూపించాడు. ఆవిడ తెరకు దగ్గరగా కుర్చీ జరుపుకుని చాలాసేపు చూశారు.

"ఆయ్, ఆయనే," అన్నారు.

శుక్రవారం సాయంత్రం ప్రింటు దిగింది. కాంతమ్మగారు బస్టాండులోనే కవరు విప్పించారు. మాస్టారు నీలమేఘంలా ఉన్నారు. ఆయన తెల్లచొక్కా కూడా నీలిమందులో ముంచినట్టుంది.

"ముప్పై ఏళ్ళు సండే స్కూలు నడిపిన మనిషి బాబూ. పోయేక కృష్ణుడి వేషం కట్టించేవేంటి?" అన్నారావిడ. గొంతులో కోపం లేదు. అదే స్టీఫెన్‌ను భయపెట్టింది. పరుగున వెళ్ళి ఫోను తీశాడు.

"మీరు చెప్పినట్టే పచ్చ పెంచేనండి. మనిషి నీలంగా వచ్చేడు."

ధనరాజు తన దగ్గరున్న నమూనా ముక్క చూసుకున్నాడు. నీలానికి ఎదురు రంగు పసుపని అతనికి తెలుసు. "అయితే తెర మీద పచ్చ మరీ ఎక్కువ పెట్టేసేరండి. తగ్గించేయండి," అన్నాడు. ఈసారి అతను చెప్పింది పసుపు.

స్టీఫెన్ ఆలోచించాడు. పసుపు పెంచితే పని పాడైంది కనుక, రాజమండ్రిలో పచ్చ అంటే ఆకుపచ్చ అయి ఉండాలి. పసుపును మునుపటి చోటికి తెచ్చి, ఆకుపచ్చను బాగా తగ్గించాడు. తెర గులాబీరంగుకు తిరిగింది. దానికి విరుగుడుగా ఫోటోకు ఆకుపచ్చ పట్టించాడు. కాంతమ్మగారు మళ్ళీ వచ్చి, మళ్ళీ చాలాసేపు చూసి, ఆయనే అన్నారు. సీడీ తెల్లవారి మొదటి బస్సుకు వెళ్ళింది. శనివారం మధ్యాహ్నానికి ప్రింటు వచ్చింది.

"ఏడాదికే పాచి పట్టించేసేవు," అన్నారు కాంతమ్మగారు. ఈసారి కుర్చీలో కూలబడ్డారు. "పోనీలే బాబూ. మేకు కొట్టించకుండా ఉండాల్సింది."

స్టీఫెన్ మళ్ళీ ల్యాబు నంబరు నొక్కాడు. "పచ్చ పెంచమన్నారు, పెంచేను. తగ్గించమన్నారు, తగ్గించేను. రేపు పదింటికి కూడికండి. నన్నేం చెయ్యమంటారు?"

"మీరు చేసింది నేను చెప్పింది కాదండి!"

"మీరు చెప్పింది పచ్చే కదండి?"

"పచ్చేనండి!"

"నేను చేసిందీ పచ్చేనండి!"

"బాబూ," అన్నారు కాంతమ్మగారు కుర్చీలోంచి లేవకుండానే. "ఆకుపచ్చా, పసుపుపచ్చా అని ఆయన్నొకసారి అడుగు."

స్టీఫెన్ అడిగాడు. "మొదటిసారి ఒకటండి, రెండోసారి ఇంకోటండి," అన్నాడు ధనరాజు, గొంతు తగ్గించి.

ఆ తర్వాత ఇద్దరూ పచ్చ అన్న మాట పలకలేదు. ల్యాబు వాళ్ళు ఎప్పుడో పంపిన నమూనా ప్రింటును స్టీఫెన్ తెర పక్కన పెట్టుకున్నాడు. అందులోని బూడిదరంగు గళ్ళు తెర మీద కూడా బూడిదరంగులోనే కనిపించేదాకా మీటలు నొక్కాడు.

"అరటాకు రెండు గీతలు పెంచండి. అరటిపండు ఒక గీత దించండి. ఇప్పుడెలా ఉందండి?" అన్నాడు ధనరాజు ఫోనులో.

"బూడిదలాగే ఉందండి."

"దేవుడి దయ. ఇంక ముట్టుకోకండి."

మాస్టారి ఫోటోను మొదటి నుంచి మళ్ళీ దిద్ది, సీడీ బస్సుకిచ్చాడు.

ఆదివారం ఏడింటికి రావలసిన బస్సు జొన్నాడలో టైరు పంక్చరై తొమ్మిదిన్నరకు వచ్చింది. స్టీఫెన్ ప్రింటును అక్కడికక్కడే ఫ్రేములో బిగించి, సరిగా చూడనైనా చూడకుండా చర్చికి మోశాడు. పక్కగదిలో కాంతమ్మగారు ఒక్కరే ఉన్నారు. లోపల పాట మొదలైంది.

ఆవిడ పటాన్ని కిటికీ వెలుగుకు తిప్పుకున్నారు. నేరేడుపండు రంగు. చెంప మీద గడ్డం గీసుకున్న చోట బూడిద నీడ. తెల్లచొక్కా తెల్లగానే ఉంది. ఆవిడ వేలు పటం గాజు దాకా వెళ్ళి, తగలకుండా ఆగింది.

"ఈయనే బాబూ," అన్నారు చివరికి. "పొద్దున్నే లేచి వాకిట్లో నిలబడితే ఇలాగే ఉండేవారు."

స్టీఫెన్ మూడు రోజుల తర్వాత ఊపిరి పీల్చుకున్నాడు. "తీసుకెళ్దామాండి?"

"ఉండు. ఈయన ఇంట్లో ఉన్నప్పటి మనిషి. ఇలా నలుగురిలోకి రారాయన."

ఆవిడ చేతిసంచిలోంచి మాస్టారి పౌడరు డబ్బా తీశారు. సగం ఇంకా మిగిలే ఉంది. రుమాలు మీద కాస్త వంపుకుని, గాజు మీద నుదుటి దగ్గర, రెండు చెంపల దగ్గర, గడ్డం కింద మెల్లగా అద్దారు. కాలరు మీద రాలినదాన్ని ఊదేశారు.

"ఇంటికెళ్ళేక తుడిచేస్తాన్లే," అన్నారు.

కూడిక అయ్యాక పాస్టరుగారితో సహా అందరూ స్టీఫెన్ భుజం తట్టి, మాస్టారి రంగు ఉన్నదున్నట్టు దింపేవన్నారు.