పట్టుదలకు పొద్దుటి హాజరు

మనిషికి కష్టమొచ్చినప్పుడు గుండె నిబ్బరం దానంతటదే పుట్టుకురావడం దేశానికి క్షేమం కాదని ఎనభైల మొదట్లో సర్కారు వారు కనిపెట్టారు. ఎవరికి వారు ధైర్యం తెచ్చుకుని, ఎవరికి వారు తెల్లారే లేచి పనిలో పడితే, అది సక్రమమైన ధైర్యమో కాదో తేల్చేదెవరు? అందుకని మన వరంగల్లులో పట్టుదల ధ్రువీకరణ కార్యాలయం వెలసింది. దాన్ని మేడ మీద పెట్టారు. మెట్లెక్కలేనివాడికి పట్టుదల లేనట్టే భావించబడునని మొట్టమొదటి నిబంధన. (ఆ నిబంధన రాసిన అధికారి పాండురంగం గారు మాత్రం కింద గదిలో కూర్చునేవారు. పాపం, ఆయనకు మోకాళ్ల నొప్పులు.)

ఈ కార్యాలయం పుణ్యాన బాగుపడినవాళ్లలో మొదట చెప్పుకోవలసింది మా కొత్తవాడ రాజలింగును. జంపఖానాలు నేసే మనిషి. ఆ ఎండాకాలం పచ్చవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. దవాఖానలో డాక్టరు చూసి, "రోజూ పొద్దుగాల ఆ చేతికి పని చెప్పు, విడువకు, మెల్లగా వస్తది" అన్నాడు. ఇంత పెద్ద విషయాన్ని ఒక్క స్టాంపూ లేకుండా నోటితో చెప్పి పంపించాడంటే ఆ డాక్టరు ఎంత బాధ్యత లేనివాడో చూడండి.

పెద్ద జంపఖానా ఒక్కరితో అయ్యేది కాదు. మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. నడిమి దాకా ఒకరిది, అవతల ఇంకొకరిది. పోగు వేసి, ఇనుప పంజాతో దువ్వి కొట్టాలి. రెండు దిక్కులా నేత సమంగా లేవాలి గనుక ఒకరు ముందుకు ఉరికి లాభం లేదు, రెండోవారి కోసం ఆగాల్సిందే. రాజలింగు పక్కన కూర్చునేది అతని భార్య మల్లవ్వ.

తన దిక్కు చిటికెలో కొట్టేసి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చునేది మల్లవ్వ. రాజలింగు చేతిలో పంజా ఆగేది కాదు, జారి పడేది. ఆమె తీసి మళ్లీ చేతిలో పెట్టేది.

"నాతోని కాదే. ఇంకెవల్నన్న కూసోబెట్టుకో."

"ఏం, నాకేమన్న బస్సు పోతాందా? నీ దిక్కు లేవంది నేనెట్ల ముందటికి పోత? కొట్టు మల్ల."

అతను తిట్టేవాడు. ఆమె రెండింతలు తిట్టేది. వానలు పడేసరికి పంజా చేతిలో నిలబడింది. వేళ్లు ముడుచుకుంటున్నాయి, విచ్చుకుంటున్నాయి. ఆ రోజు మల్లవ్వ వాడకట్టంతా తిరిగి చెప్పుకుంది, నవ్వుకుంటూ ఏడ్చింది కూడా.

ఈ అక్రమం ఎలాగో నూలిచ్చే చేనేత సొసైటీ సెక్రటరీ వెంకట్రాజం గారి చెవిన పడింది. జబ్బుపడి లేచిన నేతగాడికి నూలు ఇవ్వాలంటే పట్టుదల పత్రం ఉండాలట. లేకుంటే మగ్గం మీద అతని జాగా వేరొకరికి పోతుందట.

"చెయ్యి మంచిగ మెసులుతాంది గదా, ఇప్పుడు ఆఫీసుకెందుకు పోవుడు?" అంది మల్లవ్వ.

"కాయిదం లేకుంటే నూలియ్యరట. నాలుగు రోజులు పోయొస్త, ఫికర్ జెయ్యకు."

మేడ మీద అతనికి దరఖాస్తు ఫారం ఇచ్చారు. కష్టానికి పూర్వం మీకు గల నిబ్బరమెంత? నిరాశ కలిగిన సందర్భాలు, సాక్షుల సంతకాలతో. మిమ్మల్ని ప్రోత్సహించినవారికి ప్రోత్సహించుటకు అనుమతి గలదా? (ఈ చివరి ప్రశ్న దగ్గర రాజలింగు భయపడి భార్య పేరు రాయించలేదు.) ఆపైన రోజూ పొద్దున హాజరు. సంతకం రాదంటే, సరే, వేలిముద్ర అన్నారు. ఎడమచెయ్యి చాపాడు. చెల్లదన్నారు. ఏ చేతికి కష్టమొచ్చిందో పట్టుదల ఆ చేతితోనే చూపించాలి. అటెండరు గట్టయ్య ఆ కుడిచెయ్యి ఎత్తి, బొటనవేలు సిరాలో ముంచి, తానే కాగితం మీద ఒత్తేవాడు. ఆ చేతికి ఆ పూటకు అదే పని, అదీ గట్టయ్యే చేసిపెట్టేవాడు.

తరువాత క్రమశిక్షణ మీద ఉపన్యాసం. వేళకు లేవడం గురించి చెప్పే ఆయన ఎప్పుడూ మధ్యాహ్నానికి గానీ వచ్చేవాడు కాదు, పొద్దుగూకితే గానీ విడిచేవాడు కాదు. ఆయన వచ్చిందాకా కదలకుండా కూర్చోవడం శిక్షణలో భాగమే.

రాజలింగు ఒకసారి ధైర్యం చేసి అడిగాడు. "సార్, పొద్దుగాల జర ఇడిసిపెడితే మగ్గం కాడ చెయ్యి ఆడించుకుంట. మల్ల బిగుసుకపోతాంది."

పాండురంగం గారు ఎంతో దయగా చూశారు. "చూడవయ్యా, నీకు బాగుపడాలని ఉన్నదా, లేదా?"

"ఉన్నది సార్."

"మరి ఉంటే ఇక్కడ కనపడాలి గదా! ఇంట్ల బాగుపడితే మాకెట్ల తెలుస్తది?"

రాజలింగు మళ్లీ మెట్లెక్కి తన చోట కూర్చున్నాడు.

మగ్గం ఊరికే పడి ఉండటం సొసైటీకి నష్టం గనుక దసరా ముందు వెంకట్రాజం గారు రాజలింగు జాగాలో యాకయ్య అనే ఇంకో నేతగాణ్ని కూర్చోబెట్టారు. ఇల్లు గడవాలి, మల్లవ్వ కాదనలేకపోయింది. ఎట్లుందమ్మా అని నేను అడిగితే, "యాకన్న చెయ్యి మస్తు జోరన్నా. నేను ఆగే పనే లేదు" అని, కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది. కానీ ఉత్పత్తి పెరిగిన మాట వాస్తవం.

సంక్రాంతి పోయాక సభ పెట్టారు. ఒక్కనాడూ హాజరు తప్పని రాజలింగు జిల్లాకే ఆదర్శమని పాండురంగం గారు గంటసేపు మాట్లాడారు. దండ వేశారు. పత్రం చాపారు. రాజలింగు కుడిచెయ్యి లేవలేదు. వేళ్లు గట్టిగా ముడుచుకుని ఉన్నాయి. గట్టయ్య వచ్చి పత్రం అతని చంకలో పెట్టాడు.

"సార్, ఇగ మగ్గం కాడ కూసోవచ్చునా?" అన్నాడు రాజలింగు.

"ఇంకా మగ్గమెందుకయ్యా? నీకు పట్టుదల ఉన్నదని సర్కారే రాసిచ్చింది గదా!"

సభంతా చప్పట్లు కొట్టింది. రాజలింగు ఒక్కడే కొట్టలేదు. దానికి రెండు చేతులు కావాలి.