మూడు కొటేషన్లు, ఒక బల్ల

గురువారం పొద్దున్నే కాఫీ తాగుతూ బాబాయిగారు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. పిన్నిగారు చెల్లెలి ఇంటికి వెళ్ళారు, ఆదివారం సాయంత్రానికి గానీ రారు. ఈలోగా తోటపని వాళ్ళను పిలవాలి, పెరడు బాగు చేయించాలి, మల్లెపొద పక్కన కూర్చోవడానికి ఒక బల్ల వేయించాలి. ఆవిడ వచ్చి, పెరటి తలుపు తీసి, నోరు వెళ్ళబెట్టాలి. చివరిది తప్ప మిగతావన్నీ డబ్బుతో అయ్యే పనులే. చిక్కంతా అక్కడే ఉంది.

ఆయన అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తు లేదు. అందరికీ ఆయన కొటేషన్ల బాబాయిగారు. ముప్పై రెండేళ్ళు ఒక ఆఫీసులో కొనుగోళ్ళ విభాగంలో పనిచేశారు. గుండుసూదుల డబ్బా కొనాలన్నా మూడు చోట్ల ధర రాయించుకుని, తక్కువ చెప్పినవాడికి ఆర్డరివ్వాలన్నది అక్కడి నిబంధన. ఆయన రిటైరయ్యారు గానీ నిబంధన రిటైరవలేదు. టొమాటోలకు మూడు బండ్లు, జుట్టు కత్తిరింపుకు మూడు షాపులు, పంటినొప్పికి ముగ్గురు డాక్టర్లు. మూడో డాక్టరు మెట్లెక్కుతుండగా పన్ను తనంతట తనే ఊడింది. ఫీజు మిగిలిందని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు.

పిన్నిగారికి మోకాళ్ళనొప్పులు. రోజూ మొక్కలకు నీళ్ళు పోసి, పెరటి మెట్టు మీద కాసేపు కూర్చుంటారు. కూర్చోవడం వరకూ బాగానే ఉంటుంది. లేవడానికే తలుపు పట్టుకుని, ఇద్దరు ముగ్గురు దేవుళ్ళను తలుచుకోవాలి. బల్ల వేయిస్తానని బాబాయిగారు మాటిచ్చి నాలుగేళ్ళయింది. రెండు కొటేషన్లు వచ్చాయి, మూడోది రాలేదు. మొన్న బస్సెక్కుతూ ఆవిడ, "నేను పోయేలోగా ఆ బల్ల మీద ఒక్కసారైనా కూర్చుంటాను లెండి" అన్నారు నవ్వుతూ. ఆ నవ్వు ఆయనకు చేపముల్లులా గుచ్చుకుంది. బస్సు కదిలాక కిటికీలోంచి తల బయటపెట్టి ఇంకో మాట కూడా అన్నారు. "నా మొక్కల జోలికి మాత్రం వెళ్ళకండి!"

అందుకే గురువారం ఒక్కరోజే ముగ్గుర్నీ పిలిపించారు.

మొదటాయన మెరిసే బూట్లతో, చేతిలో టాబ్లెట్‌తో వచ్చాడు. పెరడంతా ఫోటోలు తీశాడు. పని మొదలుపెట్టేశాడా అన్నంత హడావుడిగా మల్లెపొదకీ, ఆరు గులాబీలకీ, నడుమెత్తు నిమ్మమొక్కకీ ఎర్ర రిబ్బన్లు కట్టాడు. ఎండిపోయిన బొప్పాయి మోడునూ, గోడవారన బలిసిన ముళ్ళకంపనూ వదిలేశాడు. ఆ తర్వాత టాబ్లెట్‌లో పచ్చిక, రాళ్ళబాట, ఫౌంటెన్, బల్ల చూపించి, "అన్నీ కలిపి లక్షా నలభై వేలవుతుంది సార్" అన్నాడు.

"ఫౌంటెనెందుకయ్యా? మా కుళాయిలోనే నీళ్ళు రావు."

"అది చూడ్డానికి సార్."

"చూడ్డానికి నా దగ్గర టీవీ ఉంది" అని బాబాయిగారు ఆయన్ని సాగనంపారు. రిబ్బన్లు మాత్రం మొక్కలకే ఉండిపోయాయి.

రెండోది బస్టాండు దగ్గర నర్సరీ నడిపే ఆవిడ. నల్ల గొడుగు వేసుకుని వచ్చి, పెరట్లో రెండు చుట్లు తిరిగింది. మల్లెపొదను కర్రకు కట్టిన నీలం చీర పీలికను వేలితో సవరించింది.

"బాబాయిగారూ, ఇది ప్రాణం పెట్టి పెంచిన పెరడండీ. దీన్ని ముట్టుకోకండి. ఆ కంప కొట్టించి, ఇదిగో ఇక్కడ ఓ బల్ల వేయించండి చాలు. నా సలహాకి పదిహేను వందలు."

బాబాయిగారు నిర్ఘాంతపోయారు. "ఏమీ చెయ్యొద్దని చెప్పడానికి పదిహేను వందలా అమ్మా? అది నేను ఊరికే చేస్తున్నాను, నాలుగేళ్ళుగా!"

ఆవిడ నవ్వి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది.

మూడోవాడు మేస్త్రి. గళ్ళ లుంగీ, చెవిలో పెన్సిలు. కళ్ళతోనే పెరడు కొలిచి, దేనికెంతో చీటీ మీద అంకెలు వేసిచ్చి, "బల్లతో సహా నలభై రెండు వేలు సార్" అన్నాడు. అంతే, బాబాయిగారిలో ముప్పై రెండేళ్ళ సర్వీసు ఒక్కసారిగా లేచి కూర్చుంది.

"మార్కింగుకి నాలుగు వేలేంటయ్యా? ఆ రిబ్బన్లు కనబడ్డంలేదూ? మార్కింగు అయిపోయింది, తీసెయ్ ఆ నాలుగు వేలూ."

మేస్త్రి రిబ్బన్ల వైపు చూశాడు. "అయితే ఆ రిబ్బన్ల ప్రకారం చేసేయమంటారా?"

"అచ్చంగా ఆ రిబ్బన్ల ప్రకారమే!"

"సరే సార్."

"తీసిన చెత్త మోసుకెళ్ళడానికి ఐదు వేలా? తీసిందంతా నువ్వే పట్టుకుపో. అమ్ముకుంటావో, వండుకుంటావో నీ ఇష్టం. ఆ ఐదూ కొట్టెయ్."

మేస్త్రి మల్లెపొద వైపు ఇంకోసారి చూసి, ఈసారి కాస్త ఉత్సాహంగానే "సరే సార్" అన్నాడు.

బేరమంటే బాబాయిగారికి ఎక్కాల్లాంటిది, మొదలెడితే మధ్యలో ఆగరు. ఆ ఊపులో "ఈ ఎనిమిది వేలేమిటి?" అని దాన్నీ కొట్టించేశారు. అది బల్ల ఖరీదని ఆయనకు తట్టలేదు. చివరికి మేస్త్రే తల గోక్కుంటూ, "సార్, పని జరిగేప్పుడు మీరు పక్కన నిలబడకుండా ఉంటానంటే ఇంకో వెయ్యి తగ్గిస్తాను" అన్నాడు. తన గైర్హాజరుకు కూడా ఓ ధర ఉందని బాబాయిగారికి అప్పుడే తెలిసింది. వెంటనే ఒప్పుకున్నారు.

ఇరవై నాలుగు వేలు! ఆ రాత్రి ఆయన హాయిగా నిద్రపోయారు.

శనివారం ఉదయం మేస్త్రి నలుగురు మనుషులతో దిగాడు. బాబాయిగారు మాటకు కట్టుబడి ముందుగదిలో తలుపు వేసుకుని కూర్చున్నారు. వెనక గునపాల చప్పుడు వినబడుతుంటే లేవబోయి, వెయ్యి గుర్తొచ్చి మళ్ళీ కూలబడ్డారు. అలా పదకొండుసార్లు లేచారు, పదకొండుసార్లు కూర్చున్నారు. ఒంటిగంటకు మేస్త్రి తలుపు కొట్టి, "అయిపోయింది సార్, చూసుకోండి" అన్నాడు.

బాబాయిగారు పెరటి తలుపు తీశారు. నోరు వెళ్ళబెట్టడం అక్షరాలా జరిగింది, కాకపోతే పిన్నిగారికి బదులు ఆయనకు.

మల్లెపొద లేదు. గులాబీలు లేవు. నిమ్మమొక్క ఉన్నచోట గుంట. నేలంతా శుభ్రంగా చదును చేసి, తుడిచి, నీళ్ళు చల్లారు. దాని మధ్యలో ఎండిన బొప్పాయి మోడు నిటారుగా నిలబడి ఉంది. ముళ్ళకంపకు పాదు తీసి, చుట్టూ ఇటుకలు కూడా పేర్చారు.

"ఏమయ్యా! రిబ్బన్లు కట్టినవి ఏవీ?"

"తీసేశాం సార్."

"రిబ్బన్ కట్టినవి ఉంచాలయ్యా!"

"అదేంటి సార్! ఎర్ర రిబ్బనంటే తీసేయమనేగా. పదిహేనేళ్ళుగా మా పద్ధతదే. ముళ్ళకంప మీద మీకంత మమకారమేంటో అని మావాళ్ళు నవ్వుకున్నారు కూడా. పెద్దాయన ముచ్చటపడి ఉంచుకుంటున్నారు, జాగ్రత్తగా చూడండ్రా అని నేనే కోప్పడ్డాను."

బాబాయిగారు టాబ్లెటాయనకు ఫోన్ చేశారు. "మా దగ్గర ఎరుపంటే ముట్టుకోవద్దని సార్. ఎందుకూ, పని మాకే ఇస్తున్నారా?" అన్నాడాయన ఆశగా. బాబాయిగారు ఫోన్ పెట్టేశారు.

"మొక్కలేవి?"

"మీరేగా సార్ తీసిందంతా పట్టుకుపొమ్మన్నారు. పొద్దున్న పదింటికే బస్టాండు దగ్గర నర్సరీకి వేసేశాను. మంచి రేటిచ్చింది ఆవిడ."

"పక్కన నేనుంటే ఈ ఘోరం జరిగేదా!"

"ఆ వెయ్యి తగ్గించుకుంది మీరే కదా సార్" అన్నాడు మేస్త్రి నిజాయితీగా.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి బాబాయిగారు బయల్దేరారు. ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి పిన్నిగారిది. దారిలో ఎవరెదురవుతున్నారో కూడా చూడలేదు. ఆ మల్లెపొద కొత్తగా కాపురం పెట్టిన అద్దెయింట్లోంచి కొమ్మ విరిచి తెచ్చుకున్నది. ఇల్లు మారిన ప్రతిసారీ పిన్నిగారు సామాన్ల బండిలో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు. గ్యాసు పొయ్యినైనా ఆయనకు అప్పగించారు గానీ దాన్ని మాత్రం ఏనాడూ ఇవ్వలేదు.

నర్సరీలో గొడుగావిడ కుండీలకు నీళ్ళు పడుతోంది.

"అమ్మా, నా మొక్కలు! పొద్దున్న మేస్త్రి తెచ్చినవి!"

"అవా? అమ్ముడైపోయాయండీ. పావుగంటయింది, ఒకావిడ మొత్తం ట్రాలీలో వేయించుకుని పట్టుకుపోయారు."

"ఎవరావిడ? ఎక్కడుంటుంది? ఎంతైనా ఇస్తాను, తిరిగి ఇప్పించు!"

ఆవిడ నీళ్ళ గొట్టం కింద పెట్టేసింది. "ఎంతైనా ఇస్తారా?"

"ఎంతైనా!"

"ఏం లాభం బాబాయిగారూ, ఆవిడ చచ్చినా ఇవ్వరు. మల్లెపొదని బిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని వెళ్ళారు."

బాబాయిగారు పక్కన అమ్మకానికి పెట్టిన చెక్కబల్ల మీద కూలబడ్డారు. కూర్చున్నాక గానీ తెలియలేదు తను కూర్చున్నది బల్ల అని. అప్పుడు గుర్తొచ్చింది కొట్టేసిన ఎనిమిది వేలు దేనివో. పెరడంతా ఎందుకు తవ్వించారో ఆ ఒక్కటే లేకుండా తవ్వించారు! ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది. మెట్టు మీంచి తలుపు పట్టుకుని లేచే ఆ మనిషి కళ్ళ ముందు కదిలింది. నాలుగేళ్ళలో ఎన్ని ఉదయాలు! మొక్కలు ఎటూ పోయాయి, రేపు ఆవిడకు చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

"ఈ బల్ల ఇవ్వమ్మా."

"దీని ధర..."

"ధర చెప్పకు. బిల్లు రాసెయ్."

గొడుగావిడ బిల్లు రాసింది. బల్ల ఎనిమిది వేలు, సలహా పదిహేను వందలు. బాబాయిగారు మారుమాట్లాడకుండా తొమ్మిదిన్నర వేలూ చెల్లించి, తోపుడుబండి మీద బల్ల ఎక్కించుకుని, పక్కనే ఒక చెప్పు ఎగరేస్తూ, ఒక చెప్పు ఈడుస్తూ ఇంటిదారి పట్టారు.

ఇంటి ముందు ఖాళీ ట్రాలీ ఆగి ఉంది. లోపలి నుంచి మాటలు వినబడుతున్నాయి.

"ఇంకాస్త లోతుగా తియ్యి. పీకిన చేతులేగా, పెట్టడానికి నొప్పేమిటి?"

పెరట్లో పిన్నిగారు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉన్నారు. మేస్త్రి మోకాళ్ళ మీద కూర్చుని మల్లెపొద నాటుతున్నాడు. గులాబీలు, నిమ్మమొక్క గోనెపట్టాల్లో వరసగా ఉన్నాయి. ముళ్ళకంప గోడ బయట పడి ఉంది. బాబాయిగారికి ఏడుపొచ్చినంత పనైంది.

"నువ్వు... రేపు కదా రావాల్సింది?"

"రాత్రంతా కల్లో మొక్కలే. నీళ్ళు పోస్తున్నారో లేదోనని ఒకరోజు ముందే బయల్దేరాను. బస్సు దిగగానే నర్సరీలో నా మల్లెపొద! నా చీర పీలిక నేను గుర్తుపట్టనా? గుండె గుభేలుమంది. ఆ గొడుగమ్మాయి అంతా చెప్పింది, మీ ఫౌంటెన్ సంగతి దగ్గర్నుంచి." ఆవిడ మల్లె ఆకు మీది మట్టి వేలితో తుడిచారు. "ఒక్కటే అడిగాను మిమ్మల్ని, వీటి జోలికి వెళ్ళొద్దని."

"తప్పయిపోయింది" అన్నారు బాబాయిగారు. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆ మాట షరతుల్లేకుండా అనడం అదే మొదలు. "బల్ల తెచ్చాను."

పిన్నిగారు బండి వైపు చూశారు. ఆయన పాదాల వైపు చూశారు, తన చెప్పు గుర్తుపట్టారు.

"ఎన్ని కొటేషన్లు తీసుకున్నారు?"

"ఒక్కటే."

"ఎంత తగ్గించారు?"

"అడగలేదు."

పిన్నిగారు గబగబా వచ్చి ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూశారు. "జ్వరం లేదే! మరి ఒంట్లో ఏమైందండీ? ఆ మాటేదో ముందే చెప్పొచ్చుగా!" అంటూ మేస్త్రి చేత బల్ల దింపించి, మల్లెపొద పక్కన వేయించి, ముందు ఆయన్ని కూర్చోబెట్టారు. తర్వాత తనూ కూర్చున్నారు. కాసేపటికి లేచి చూశారు. తలుపు అవసరం పడలేదు, ఏ దేవుణ్ణీ పిలవలేదు. మళ్ళీ కూర్చున్నారు.

"బాగుందండీ" అన్నారు. ఆ ఒక్క మాటకు లక్షా నలభై వేలిచ్చినా దండగ కాదనిపించింది బాబాయిగారికి. అయితే పైకి అనలేదు. మేస్త్రి అక్కడే ఉన్నాడు.

అంతలో వీధిలో బండి ఆగిన చప్పుడైంది. ఇద్దరు మనుషులు అచ్చం అలాంటి బల్లే ఇంకోటి మోసుకొచ్చి, "అమ్మగారు ఇందాక కొన్నదండీ" అంటూ పెరట్లో దింపారు.

పిన్నిగారు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "మీరెలాగూ తేరని నేనే తీసుకున్నాను. ఆ అమ్మాయి ఎనిమిది వేలంది. బేరమాడి ఐదుకి తెగ్గొట్టాను. ఇన్నేళ్ళు మీ పక్కనుండి ఆ మాత్రం నేర్చుకోనూ? మీరెంతకి తెచ్చారు?"

బాబాయిగారు జేబులోని బిల్లును మరింత లోపలికి తోశారు.

ఇప్పుడు పొద్దున్నే ఇద్దరూ చెరో బల్ల మీద కూర్చుని కాఫీ తాగుతున్నారు. రెండింటిలో ఏది బాగుందని ఎవరైనా అడిగితే, మూడోది కూడా చూడనిదే చెప్పడానికి నిబంధనలు ఒప్పుకోవంటున్నారు బాబాయిగారు.